కొప్పులో ప్రభుత్వ పుష్పం

ప్రభుత్వ ఆస్తి అంటే నాకు మొదటినుంచీ భక్తి. ఒకసారి ఆఫీసులో ఉండగా చొక్కా గుండీ తెగిపోయింది. బల్ల మీద గుండుసూదులు దండిగా ఉన్నా ముట్టుకోలేదు. అవి ప్రభుత్వానివి. ఎదమీద చెయ్యి అడ్డం పెట్టుకుని బజారంతా నడిచి ఇంటికి వెళ్ళాను. దారిలో ఇద్దరు ముగ్గురు గుండెనొప్పా అని అడిగారు కూడా. అటువంటి మనిషిని కాబట్టే జిల్లా ఖాళీ స్థలాల పర్యవేక్షణ కార్యాలయంలో సూపరింటెండెంటు స్థాయికి ఎదిగాను. నా పేరు చెంగల్రాయులు. జిల్లాలో ఖాళీ స్థలాలు ఎక్కడెక్కడ ఉన్నాయో, అవి ఇంకా ఖాళీగానే ఉన్నాయో లేదో కనిపెట్టి చూడడం మా పని. చాలావరకు లేవు. అది వేరే సంగతి.

మా కార్యాలయం ముందున్న స్థలం కూడా ఖాళీగా లేదు. అందులో గులాబీ తోట ఉంది. మా ఊరు మదనపల్లె వైపు. ఎండాకాలంలో కూడా సాయంత్రానికి ఫ్యాను కట్టేసుకునే చోటు. ఇక చలికాలం వచ్చిందంటే గులాబీలకి పట్టపగ్గాలుండవు.

ఆ తోట వేసింది మా సీనియర్ అసిస్టెంటు మునిరత్నమ్మ. ఉద్యోగంలో చేరిననాటినుంచీ ఆమె అద్దె మేడగదుల్లోనే బతికింది. కాలికింద సొంత మట్టి లేదు. మేడమీద ఒక కుండీ పెట్టుకుందామన్నా గోడ చెమ్మగిల్లుతుందని ఇంటివాళ్ళు గొడవకి వచ్చేవారు. అందుకని ఎక్కడో కంచెలో దొరికిన పన్నీరు రోజా కొమ్మ తెచ్చి ఆఫీసు ముందు గుచ్చింది. అది బతికింది. తర్వాత దాని పక్కన మరొకటి, ఆ పక్కన ఇంకొకటి. ఏళ్ళు గడిచేసరికి మెట్లనుంచి గేటు దాకా ఎరుపు, పసుపు, లేత గులాబీ రంగు.

పూల కాలంలో ఆమె అందరికన్నా ముందే ఆఫీసుకి వచ్చేది. చెట్ల మొదట్లో నీళ్ళు పోసేది, ఆకుల మీద చుక్క పడనిచ్చేది కాదు. వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్ళు పోసిన రోజున ఆ కంపుకి మా సెక్షను కిటికీలు మూసుకునేవాళ్ళం. అన్నిటికన్నా ముఖ్యం కత్తెర. వాడిన పువ్వు కనబడితే చాలు, కింద అయిదాకుల రెమ్మ దాకా ఏటవాలుగా కత్తిరించి పారేసేది.

"వాడిందాన్ని చెట్టుమీదనే ఉంచినామనుకో సార్, అది కాయ కట్టుకుంటాది. కాయ కట్టిన చెట్టు ఇంక పువ్వుల జోలికి పోదు. సంసారంలో పడిపోతాది" అని నాతో చెప్పేది.

కోసిన మంచి పువ్వుల్లో ఒకటి ఆఫీసరుగారి బల్ల మీద గ్లాసులోకి, ఒకటి బీరువా మీద వెంకటేశ్వరస్వామి పటానికి, ఒకటి ఆమె కొప్పులోకి వెళ్ళేవి. నాకూ ఇవ్వబోయేది. నేను పుచ్చుకునేవాణ్ణి కాను. అన్నేళ్ళూ ఆ తోట పక్కనుంచి నడిచాను గానీ ఒక్క పువ్వునైనా వాసన చూసి ఎరగను. ప్రభుత్వ ఆవరణలోని వాసన ఎవరిదో తేలకుండా పీల్చడం నాకు ఇష్టం లేకపోయింది.

ఆ ఏడు కార్తీకం వెళ్ళాక ఆడిట్ వచ్చింది. వచ్చినాయన పేరు సదాశివం. రెండు రోజులు కాగితాలన్నీ తిరగేసినా చెప్పుకోదగ్గ తప్పు ఒక్కటీ దొరకలేదు. ఆడిటరుకి తప్పు దొరక్కపోతే అన్నం సయించదు. మూడో రోజు మునిరత్నమ్మ ఫైలు ఇచ్చి వెనక్కి తిరిగింది. కొప్పులో అరచెయ్యంత పన్నీరు రోజా.

"ఆ పువ్వు ఎక్కడిది?" అన్నాడు సదాశివం.

"మన తోటదే సార్" అంది ఆమె సంతోషంగా.

ఆయన కలం మూత తీశాడు. ఆ మొహంలో వెలుగు చూసి, ఇవాళ ఈయన భోజనం చేస్తాడని నాకు అర్థమైంది.

అభ్యంతరం ఇలా వచ్చింది: 'ప్రభుత్వ భూమియందు వేళ్ళూని, ప్రభుత్వ జలముతో పోషింపబడి, ప్రభుత్వ పనివేళలయందు వికసించిన పుష్పము ఏ ఉత్తర్వుల మేరకు ఒక ఉద్యోగి కొప్పునకు బదిలీ చేయబడినది? ఇంతవరకు ఈ విధముగా బదిలీ అయిన పుష్పములకు ఎవరు బాధ్యులు?'

మా ఆఫీసరు అనంతపద్మనాభంగారు అప్పుడే కొత్తగా వచ్చారు. మంచివారు. ఆడిట్ అన్న మాట వింటే మంచినీళ్ళు అడుగుతారు, అంతే. ఆ రోజు చెంబెడు తాగి నన్ను పిలిచారు.

"చెంగల్రాయులుగారూ, పువ్వు అనేది వస్తువా, కాదా?"

"కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. వస్తువే సార్."

"వస్తువైతే స్టాకులోకి రావాలి. వచ్చిన వస్తువు ఏదో ఒకనాడు పాడవుతుంది. పాడైన వస్తువును మనం ఏం చేస్తాం?"

"కండెమ్ చేస్తాం సార్."

"ఎవరు చేస్తారు?"

"కమిటీ సార్. విరిగిన కుర్చీ అయినా, నడవని జీపయినా కమిటీ చూసి పనికిరాదని తేల్చేదాకా కదిలించకూడదు."

"మరి వాడిన పువ్వును ఆవిడ సొంతంగా కత్తిరించి పారేస్తోందే! నేను జీపును సొంతంగా పారేస్తే ఊరుకుంటారా?"

ఆ తర్కానికి నా ఒళ్ళు పులకరించింది. సాయంత్రంలోగా ఉత్తర్వు తయారుచేశాను. ఆవరణలోని పుష్పములన్నియు స్టాకుగా పరిగణింపబడును. కండెమ్ కానిదే ఏ పుష్పమునూ ఎవరును కోయరాదు. సదరు పుష్పములకు సంరక్షకురాలు మునిరత్నమ్మ.

ఆమె ఉత్తర్వు చదివి, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ చదివింది.

"వాడినేటివి కొయ్యకుంటే తోట నిలబడిపోతాది కద సార్!"

"నిలబడే కదమ్మా ఉండాల్సింది. స్థిరాస్తి" అన్నాను.

మర్నాటినుంచి లెక్క మొదలైంది. మొదటిరోజే పెద్ద చిక్కు వచ్చిపడింది. మొగ్గ ఎప్పుడు పువ్వవుతుంది? సమావేశం పెట్టాం. మొగ్గను స్టాకులో చూపితే లేని ఆస్తిని ఉన్నట్టు చూపినట్టవుతుందని, చూపకపోతే ఉన్నదాన్ని దాచినట్టవుతుందని ఆఫీసరుగారు మధ్యాహ్నం దాకా తల పట్టుకున్నారు. చివరికి నేనే ఉపాయం చెప్పాను. రేకుల సందులో పోస్టుకార్డు అంచు దూరితే పువ్వు, దూరకపోతే మొగ్గ. అది ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. స్టోరునుంచి ఒక కార్డు విడుదల చేశాం.

రెండో చిక్కు గుర్తింపు. కుర్చీలకి, బల్లలకి వేసినట్టే పువ్వులకీ తెల్లరంగుతో నంబర్లు వెయ్యమని అటెండరు గంగులప్పకి చెప్పారు. గంగులప్ప బ్రష్షు పట్టుకుని పొద్దంతా తంటాలు పడ్డాడు. రంగు బరువుకి పువ్వులు తలలు వాల్చేశాయి.

"సార్, నంబరేసిందల్లా సచ్చిపోతాండాది. ఇంగ నావల్ల గాదు" అని బ్రష్షు నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి దారంతో అట్టముక్కలు కట్టాం. గాలి వస్తే తోటంతా అట్టముక్కలు టపటపలాడేవి. చూసిపోవడానికి పక్క ఆఫీసులవాళ్ళు కూడా వచ్చేవారు. తేనెటీగలు యథేచ్ఛగా వచ్చి ఏదో పట్టుకుపోతున్నాయని ఆఫీసరుగారు గమనించి, 'అనుమతి లేనిదే లోనికి రాకూడదు' అన్న బోర్డు తోటవైపు తిప్పించారు.

ఇంతలో టీ బంకు నాగన్న మేక గేటు సందులోంచి దూరి నంబర్లున్న పువ్వులు రెండు అట్టముక్కలతో సహా తినేసింది. ప్రభుత్వ ఆస్తికి నష్టం. విచారణాధికారిని నేనే. నాగన్న తన మేక ఆ రోజు ఊళ్ళోనే లేదన్నాడు. మేకను ప్రశ్నించాం గానీ అది ఏమీ చెప్పలేదు. దాని కడుపులో ఉన్నది ప్రభుత్వ పుష్పమా, ప్రైవేటు గడ్డా అని తేల్చడానికి పశువైద్యుణ్ణి పిలిపించాం.

ఆయన రావడం మాకు మరో రకంగా కలిసొచ్చింది. కండెమ్ చెయ్యాలంటే, వస్తువు మరమ్మతుకు వీలుకాదని సాంకేతిక నిపుణుడు సంతకం పెట్టాలి. ఇంజనీరుగారిని అడిగితే పువ్వులు తన పరిధిలోకి రావన్నారు. అందువల్ల అప్పటికి ఒక్క పువ్వూ కండెమ్ కాలేదు. వాడినవన్నీ చెట్టుమీదే నల్లబడి వేలాడుతున్నాయి. మేకను చూసి వెళ్ళబోతున్న డాక్టరుగారిని ఆఫీసరుగారు చెయ్యి పట్టుకుని తోటలోకి తీసుకెళ్ళారు.

"ఇది చూడండి సార్. మళ్ళీ మామూలు స్థితికి వచ్చే అవకాశం ఏమన్నా ఉందా?"

డాక్టరుగారు ఆ వాడిన పువ్వు వంక, తర్వాత మా వంక చూశారు. ఆయనకి త్వరగా ఇంటికి పోవాలని ఉన్నట్టుంది. 'సదరు పుష్పమును పరీక్షించితిని. నాడి లేదు. మరమ్మతునకు వీలుకాదు' అని రాసిచ్చేశారు. మా జిల్లాలో చట్టప్రకారం కన్నుమూసిన మొదటి గులాబీ అదే. మిగతావాటికి ఒక్కొక్కదానికీ విడివిడిగా పిలిస్తేనే వస్తానని ఆయన, విడివిడిగా పిలిచే అధికారం తమకి లేదని ఆఫీసరుగారు. ఆ ఉత్తరాలు చాలాకాలం నడిచాయి.

ఈ గొడవల్లో మేమంతా ఒక విషయం మరిచిపోయాం. ఆ సంక్రాంతి నెలాఖరుకి మునిరత్నమ్మ పదవీ విరమణ.

ఆమె మరిచిపోలేదు. ఊరి చివర చిన్న ఇల్లు కొనుక్కుంది. చిన్నదంటే రెండు గదులే. కానీ ముందు ఇంత స్థలం ఉంది. ఆ సంగతి నాతో చెప్పేటప్పుడు ఆమె చేతులు రెండూ చాచి చూపించింది.

"ఎర్రమట్టి సార్. ఇన్నేండ్లకి నాదని చెప్పుకునేదానికి మట్టి దొరికింది. గుంతలు తీసి పెట్టినా. పశువుల ఎరువు కూడా ఏసేసినా. ఎండలు ముదరకముందే నాటేసుకోవల్ల. ఇంక నన్ను ఇడిచిపెట్టండి, నేను బోతా."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళలో మెరుపు చూసి నాకూ సంతోషం వేసింది. కాని నియమం నియమమే. చార్జి అప్పగించనిదే ఎవరినీ విముక్తులను చెయ్యరు. ఆమె చార్జి తీసుకోవలసింది నేను. లెక్క సరిపోవాలి.

నెలాఖరు రోజున ఇద్దరం పొద్దున్నే పోస్టుకార్డు పట్టుకుని తోటలో దిగాం. లెక్కపెట్టుకుంటూ గేటు దాకా వెళ్ళి తిరిగివచ్చేసరికి, మెట్ల దగ్గర ఎండ తగిలి మూడు మొగ్గలు విచ్చుకున్నాయి. లెక్క తేడా వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి ఒక పువ్వు రేకులు రాలాయి.

"మిగులే కద సార్, తక్కువేం గాదే. సంతకం పెట్టేయండి" అని ఆమె బతిమాలింది.

ఆఫీసరుగారు కిటికీలోంచి విని బయటికి వచ్చారు. "అమ్మా, లోటు ఉంటే రికవరీతో పోతుంది. మిగులు ఉంటే విచారణ. మిగులు ఎక్కడినుంచి వచ్చిందని అడిగితే నేనేం చెప్పను? పూసిందని చెప్పనా? తమాషానా?"

మాఘం వచ్చింది. మునిరత్నమ్మకి వయసు నిండిపోయింది కాబట్టి జీతం లేదు. చార్జి తెగలేదు కాబట్టి సెలవు లేదు. పైగా ఆమె కుర్చీ వేరొకరికి ఇచ్చేశారు. రోజూ పొద్దున్నే వచ్చి మెట్ల మీద కూర్చునేది. రోజూ లెక్కపెట్టేవాళ్ళం. కాయ కట్టని చెట్లు ఇంకా కొన్ని ఉన్నాయి, అవి రోజుకి రెండో మూడో పూసి మా కొంప ముంచేవి. ఆ మెట్ల మీద ఆమెను చూస్తుంటే నాకు అన్నం సరిగ్గా దిగేది కాదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

గంగులప్ప ఒకనాడు ఆమె పక్కన చతికిలబడ్డాడు. "అమ్మా, దీనికింత ఇదెందుకు? నీళ్ళు మానేస్తే సరి. పదిదినాల్లో అన్నీ ఎండిపోతాయి. ఎండింది పుయ్యదు, రాలదు. లెక్క నిలబడతాది. నువ్వు బోవచ్చు."

"నేను బోయేదానికి వాటిని సంపల్నా?" అని ఆమె కసిరింది. "పో గంగులప్పా, నీ పని చూసుకో పో." ఆ తర్వాత చాలాసేపు కొంగుతో కళ్ళొత్తుకుంటూ కూర్చుంది.

మర్నాడు ఆమె కొత్త మనిషిలా వచ్చింది. నా బల్ల దగ్గరికి వచ్చి, "సార్, ఉత్తర్వు ఒకసారి చూపిస్తారా?" అంది. చూపించాను. నిలబడే చదివింది.

"పువ్వును కొయ్యకూడదనే కద రాసినారు?"

"అవునమ్మా."

"కొమ్మను గురించి ఏమీ రాయలేదే?"

"కొమ్మ స్టాకు కాదు కదమ్మా. పువ్వే స్టాకు."

"మీరే అంటాండారు, నేను గాదు" అని కత్తెర తీసుకుని బయటికి వెళ్ళింది.

తోటలో ఆ కొసనుంచి మొదలుపెట్టింది. ఒక్క పువ్వునూ కొయ్యలేదు. కొమ్మల్నే కత్తిరించింది. ప్రతి కొమ్మనూ మోకాటి ఎత్తున, బయటివైపు చూసే చిగురు కన్ను మీద, ఏటవాలుగా. పువ్వులు కొమ్మలతోపాటు వచ్చాయి, అంతే. విచ్చినవి, వాడినవి, కాయ కట్టినవి, అట్టముక్కలతో సహా అన్నీ వరండాలో పరిచిన గోనెపట్టా మీదికి చేరాయి. మధ్యాహ్నానికి తోటలో మోళ్ళు తప్ప ఏమీ లేవు. ఆఫీసరుగారు గదిలోంచి వచ్చి నోరు తెరిచి నిలబడ్డారు.

"ఇదేమిటి? ఇదేమిటి?"

"పూలన్నీ ఈడనే ఉండాయి సార్. ఒక్కటీ కొయ్యలే. లెక్క చూసుకోండి" అంది మునిరత్నమ్మ.

నేను గొంతుక్కూర్చుని లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. ఇక విచ్చడానికి చెట్టున మొగ్గ లేదు, రాలడానికి రేకు లేదు. లెక్క అచ్చుగుద్దినట్టు సరిపోయింది. ఉత్తర్వును అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. ఆమె ఏ మాటనూ మీరలేదు. నా జీవితంలో ఇంత చక్కని చార్జి అప్పగింత చూడలేదు. సంతకం పెట్టాను. ఆఫీసరుగారు కూడా మంచినీళ్ళు తాగి పెట్టారు.

వెళ్ళేటప్పుడు ఆమె కత్తిరించిన కొమ్మల్లో బాగున్నవి ఏరి, తడిగోనెలో చుట్టి చంకన పెట్టుకుంది. గేటు దగ్గర ఒకసారి ఆగి మోళ్ళ వంక చూసింది. స్టాకులో లేని వస్తువు గేటు దాటితే దాన్ని ఆపే అధికారం ఎవరికీ లేదు కాబట్టి నేను లేచి నిలబడి నమస్కారం పెట్టాను.

ఉగాది దాటాక అసలు సంగతి తెలిసింది. ఆ మోళ్ళన్నీ ఒక్కసారి చిగిర్చాయి. ఎర్రటి చిగుళ్ళు, వాటి చివర్ల గుత్తులు గుత్తులుగా మొగ్గలు. ఒకరోజు పొద్దున ఆఫీసుకి వచ్చి చూస్తే, ఎన్నడూ ఎరగనంతగా పూసి ఉంది తోట. ఆఫీసరుగారు పొగిడారు. చుట్టుపక్కలవాళ్ళు పొగిడారు. నేను మాత్రం పోస్టుకార్డు వెతుక్కున్నాను. చార్జి నాది. మరుసటి సంక్రాంతికి నా పదవీ విరమణ.

మనిషన్నవాడైతే అప్పుడు ఏం చేస్తాడు? కత్తెర పట్టుకునే రోజు కోసం ఎదురుచూస్తాడు. కాని నాకు ప్రభుత్వ ఆస్తి మీద భక్తి. ఉత్తర్వులో ఉన్న కంత నా కంటికి కనిపించింది. కనిపించాక పూడ్చకుండా నిద్ర పట్టలేదు. నా చేత్తోనే సవరణ రాశాను: కొమ్మ, రెమ్మ, ఆకు, ముల్లు సహా సమస్త భాగములును స్టాకుగా పరిగణింపబడును. వానినుండి మొలచినవి ఎచ్చటనున్నను ప్రభుత్వానివే. ఈ సవరణ మొదటి ఉత్తర్వు తేదీనుండి వర్తించును. కత్తెర సీలువేయబడి ట్రెజరీయందుంచబడును.

ఆఫీసరుగారు నన్ను కౌగిలించుకున్నంత పని చేశారు. "మీవంటివారు ఉండబట్టే ప్రభుత్వం నిలబడి ఉంది" అన్నారు.

సంక్రాంతి వచ్చింది, నా వయసు నిండింది, లెక్క సరిపోలేదు. నా కుర్చీ వేరొకరికి ఇచ్చారు. మునిరత్నమ్మ కూర్చున్న మెట్టు మీదే నేనూ కూర్చున్నాను. అక్కడ మధ్యాహ్నం ఎండ మొహాన కొడుతుందని అప్పుడు తెలిసింది. అయితే ఆమె చెప్పినట్టే జరిగింది. వాడిన పువ్వులు కోసే దిక్కులేక చెట్లన్నీ కాయలు కట్టుకుని సంసారంలో పడిపోయాయి. ఆకులకి నల్లమచ్చలు వచ్చాయి. వారానికొకటి పూసేది, తర్వాత అదీ లేదు. వేసవి మొదలయ్యేసరికి తోటంతా నల్లటి ఎండుపూలు, అట్టముక్కలు. గంగులప్ప చెప్పింది నిజం, ఎండింది పుయ్యదు, రాలదు. చూసిన ప్రతిసారీ లెక్క సరిపోతోంది. సోమవారం నాకు విముక్తి అని ఆఫీసరుగారు కబురు చెప్పారు. అదే రోజు ఆడిట్ కూడా వస్తుందట. వాళ్ళ ఎదుటే సంతకాలు.

ఆ సంతోషం ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. సోమవారం పొద్దున ఆఫీసుకి పోతూ మునిరత్నమ్మ ఇంటికి వెళ్ళాను.

గేటు తీసేసరికి వాసన తగిలింది. రెండు గదుల ఇంటిముందు, ఎర్రమట్టిలో, నడుమెత్తున పన్నీరు రోజాలు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని వాడినవి కత్తిరిస్తోంది. చీరకి మట్టి, చేతులకి గీతలు. ఆఫీసులో అన్నేళ్ళు ఆమె మొహంలో అంత తీరిక నేను చూడలేదు.

"ఏం తమ్ముడూ, ఇన్నాళ్ళకి అక్క గుర్తొచ్చిందా?" అంది. ఆఫీసు లేదు కాబట్టి సార్ కూడా లేదు.

"లెక్క సరిపోయిందక్కా. ఇవాళ నన్ను వదిలేస్తున్నారు."

"అబ్బ, మంచిమాట చెప్పినావు!" అని లేచి, బాగా విచ్చిన పువ్వు ఒకటి కోసి నా చొక్కా గుండీ సందులో గుచ్చింది. "ఎప్పుడిచ్చినా తీసుకోకుండా పోయినావు. ఇది నా మట్టిలో పూసింది. ఇప్పుడు కూడా వద్దంటావా?"

వద్దనలేదు. దారంతా తల వంచుకుని ఆ పువ్వునే వాసన చూసుకుంటూ నడిచాను. ఇన్నేళ్ళు ఇంత మంచి వాసన పక్కన ముక్కు మూసుకుని ఎట్లా తిరిగానా అనిపించింది. ఆ సంతోషంలో పువ్వును చొక్కాకి ఉంచుకునే ఆఫీసు గేటు దాటాను.

వరండాలో సదాశివం కూర్చుని ఉన్నాడు. తోట లెక్క చూశాడు. తప్పు లేదు. మూడోసారి చూశాడు. అప్పటికీ లేదు. సంతకానికి కాగితం ముందుకు తోస్తూ తలెత్తి నా చొక్కా చూశాడు. కలం మూత మళ్ళీ తీశాడు.

"ఆ పువ్వు ఎక్కడిది?"

నోటిదాకా నిజం వచ్చింది. మునిరత్నమ్మ ఇంటిముందు పూసింది అంటే చాలు, నాకేమీ కాదు. కాని ఆ ఇంటి చెట్లు మా కొమ్మలనుంచి మొలిచినవి. కొమ్మలనుంచి మొలిచినవి ఎచ్చటనున్నను ప్రభుత్వానివి. అది నా వాక్యమే. రేపు ఆ ఎర్రమట్టిలో అట్టముక్కలు కడతారు. ఆమె చేతిలో కత్తెర లాక్కుంటారు. ఆమెను తీసుకొచ్చి మళ్ళీ ఆ మెట్టు మీద కూర్చోబెడతారు. నాకు భయం వేసింది. జీవితంలో మొదటిసారి ప్రభుత్వాన్ని చూసి భయం వేసింది.

"మన తోటదే సార్" అన్నాను. "దక్షిణం మూల ఆకుల చాటున పూసింది. ఎవరికీ చెప్పకుండా కోసుకున్నాను."

ఆఫీసరుగారు మంచినీళ్ళ కోసం చూశారు. గంగులప్ప నా వంక వింతగా చూసి, దక్షిణం మూలన ఆకులే లేవన్న సంగతి చెప్పకుండా చెంబు తేవడానికి వెళ్ళిపోయాడు.

లెక్కకి రాని పువ్వు ఒకటి దాచి, కోసి, ధరించిన నేరం కింద నా విముక్తి ఆగిపోయింది. సాక్ష్యంగా ఆ పువ్వుకి నంబరు కట్టి బీరువాలో పెట్టారు. అది కండెమ్ అయితే గానీ నా ఫైలు మూయరు. నాడి చూసిన పశువైద్యుడికి బదిలీ అయింది, కొత్తాయన ఇంకా రాలేదు. నేను మెట్టు మీదే ఉన్నాను. మునిరత్నమ్మకి ఈ సంగతి తెలియనివ్వలేదు. చార్జి అప్పగించడం కొంచెం ఆలస్యమవుతోందని కబురు పంపాను.

మొన్న ఒక మెమో వచ్చింది: 'సదరు పుష్పము వలన తాము పొందిన లబ్ధి ఏమి?' ప్రభుత్వానికి అబద్ధం చెప్పడం నాకు ఒకసారి చాలు. కాబట్టి ఉన్నదున్నట్టు రాశాను: 'వాసన చూచితిని. చాలా బాగున్నది.'

నిన్న దానిమీద మరో ప్రశ్న వచ్చింది: 'ఎన్నిసార్లు?'

జవాబు ఇంకా రాయలేదు. పన్నీరు రోజా ఎండినా వాసన పోదు. సంరక్షకుణ్ణి కాబట్టి బీరువా తాళంచెవి నా దగ్గరే ఉంది. లెక్క ఇంకా పూర్తి కాలేదు.